కుక్కల్లో బ్రూసెల్లా: అనుమానం మొదలు రిపోర్టు దాకా, పశువైద్యులకు పని క్రమం

"అన్నా, మా దగ్గరికొచ్చిన లాబ్రడార్‌కి యాభయ్యో రోజున పిల్లలు పడిపోయాయి. రోజ్ బెంగాల్ పెట్టించా, నెగెటివ్. బ్రూసెల్లా లేనట్టే కదా?"

పలమనేరు నుంచో, కుప్పం నుంచో, పుంగనూరు నుంచో ఇలాంటి ఫోన్ వస్తూనే ఉంటుంది. ప్రతిసారీ ఒకటే జవాబు చెబుతాను. లేనట్టు కాదు తమ్ముడూ, రోజ్ బెంగాల్ ఆవుల బ్రూసెల్లాకి చేసే రక్తపరీక్ష, దానికి కుక్కల బ్రూసెల్లా క్రిమి కనబడదు.

బ్రూసెల్లా అంటే గర్భాలు పోగొట్టే బాక్టీరియా, మనుషులకీ అంటుతుంది. మనం రోజూ చూసేది ఆవులకి దానివల్ల వచ్చే ఈసుడు రోగం. ఆవులకు అలవాటైన చెయ్యి కుక్క దగ్గర రెండు తప్పులు చేస్తుంది. ఆవు పరీక్షే రాస్తుంది. లేదా రక్తం తీయకముందే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తుంది. ఈ రాసిందంతా ఆ రెండూ జరగకుండా ఉండటానికే.

1. కేసు రాకముందే టేబుల్ మీద ఉండాల్సినవి

కేసు వచ్చాక వెతుక్కుంటే టెన్షన్‌లో ఏదో ఒకటి మరిచిపోతాం. ఒక డబ్బాలో ఇవన్నీ పెట్టి, మీద "అబార్షన్ కిట్" అని రాసి ఉంచండి.

- ఈడీటీఏ ట్యూబులు (ఊదా మూత, రక్తాన్ని గడ్డకట్టనివ్వవు), సీరం ట్యూబులు (ఎర్ర మూత)
- మూతపడే స్టెరైల్ స్వాబ్‌లు, ట్రాన్స్‌పోర్ట్ మీడియంతో
- బ్లడ్ కల్చర్ సీసాలు, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసేవి, రెండు (గడువు తేదీ చూడండి, మన డబ్బాల్లో అది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది)
- వెడల్పు మూతి స్టెరైల్ డబ్బాలు, గట్టి జిప్ కవర్లు
- ఎన్95 మాస్కులు, కళ్లద్దాలు లేదా ఫేస్ షీల్డ్, రెండు జతలకు సరిపడా గ్లవ్స్, నీళ్లు ఇంకని గౌను
- ఐస్ జెల్ ప్యాకులు, థర్మాకోల్ పెట్టె
- సోడియం హైపోక్లోరైట్, 70 శాతం ఆల్కహాల్
- పసుపు రంగు బయోమెడికల్ కవర్లు
- మండల, జిల్లా పశుసంవర్ధక అధికారుల నంబర్లు, శాంపిల్ తీసుకునే ల్యాబ్ నంబర్ రాసిన కాగితం

హైపోక్లోరైట్ గురించి ఒక మాట. కావాల్సింది 1 శాతం ద్రావణం. సీసా మీద 5 శాతం అని ఉంటే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు, 4 శాతం అని ఉంటే మూడు వంతులు. ఏ రోజుది ఆ రోజే కలపండి. తిరుపతి ఎండకి నిన్న కలిపింది ఇవాళ్టికి పలచబడిపోతుంది.

2. ఎప్పుడు అనుమానించాలి

పైకి ఆరోగ్యంగా ఉన్న ఆడకుక్కకి 45 నుంచి 59 రోజుల మధ్య గర్భం పోతే, వేరే కారణం తేలేదాకా బ్రూసెల్లా కానిస్ (కుక్కల బ్రూసెల్లా) అనే అనుకుని పని మొదలుపెట్టండి. గర్భం పోయాక వారం నుంచి ఆరు వారాల దాకా స్రావం ఆగకపోవడం ఇంకో గుర్తు.

గర్భం తొలినాళ్లలోనే పోతే యజమానికి తెలియదు. "మూడుసార్లు క్రాస్ చేయించాం సార్, నిలవలేదు" అంటాడంతే. ఆ మాట విన్నప్పుడు హార్మోన్ల వైపు పోయే ముందు ఒక్క నిమిషం ఆగండి.

మగకుక్కలో మొదట ఎపిడిడిమిస్ (వృషణానికి అంటుకుని ఉండే వీర్యనాళం) వాస్తుంది. నొప్పికి అదేపనిగా నాకడంతో వృషణాల సంచి మీద చర్మం పుండు పడుతుంది. మనం దాన్ని చర్మరోగం అనుకుని ఆయింట్‌మెంట్ రాసి పంపిస్తాం. కొంతకాలానికి వృషణాలు చిన్నబోతాయి. వీర్యంలో కణాలు వంకరగా, తలలు తలలు అతుక్కుని కనిపిస్తాయి.

పునరుత్పత్తితో సంబంధం లేనట్టు కనిపించే గుర్తులు మరీ మోసం చేస్తాయి: నడుం నొప్పి (వెన్నుపూసల మధ్య డిస్కుకి ఇన్‌ఫెక్షన్), ఒక కంట్లో యువియైటిస్ (కంటి లోపలి వాపు), కారణం తెలియకుండా వాచిన లింఫ్ గ్రంథులు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కలో కూడా ఇవి రావచ్చు. జ్వరం చాలాసార్లు ఉండదు. ఏ గుర్తూ లేకుండా ఏళ్ల తరబడి క్రిమిని మోసే కుక్కలూ ఉన్నాయి.

అబార్షన్ అంటే బ్రూసెల్లా ఒక్కటే కాదు. హెర్పిస్ వైరస్, లెప్టోస్పైరా, సాల్మొనెల్లా, ఈ-కోలై, స్ట్రెప్టోకాకస్, గర్భాన్ని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్ తగ్గిపోవడం అన్నీ జాబితాలో ఉండాలి. అయితే వీటన్నిట్లో మన ఒంటి మీదికి వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోగలిగేది బ్రూసెల్లా కాబట్టి జాగ్రత్తలు దాని లెక్కనే తీసుకోవాలి.

3. ఫోన్లోనే మొదలయ్యే పని

యజమాని ఫోన్ చేసి పిల్లలు పడిపోయాయని చెప్పగానే ఇవి చెప్పండి:

- పడిన పిల్లల్ని, మాయని ఉత్త చేతులతో తాకొద్దు. కవరు చేతికి తొడుక్కుని ఇంకో కవర్లో వేసి, చల్లగా ఉంచి తీసుకురండి. తినే వస్తువులున్న ఫ్రిజ్‌లో పెట్టొద్దు
- కంపచెట్ల వెనకో, చెరువు గట్టునో పారేయొద్దు. వీధికుక్కలు తింటాయి
- ఇంట్లో గర్భిణి, చిన్నపిల్లలు ఉంటే కుక్క దగ్గరికి రానివ్వొద్దు
- ఇంట్లో వేరే కుక్కలుంటే వేరు చేయండి
- క్లినిక్‌కి వచ్చాక బండిలోనే ఉండండి, మేము పిలుస్తాం

అలాంటి కేసుని ఆ రోజు ఆఖర్న చూడండి. వెయిటింగ్ హాల్లో ఆ స్రావం ఒక చుక్క పడినా, పక్కనున్న కుక్క వచ్చి ముందు చేసే పని వాసన చూసి నాకడమే. ఈ క్రిమి ఎక్కువగా ప్రయాణించే దారి అదే.

4. అడగాల్సిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఈ కుక్క ఎక్కడి నుంచి వచ్చింది? చిత్తూరు అటు బెంగళూరుకీ ఇటు చెన్నైకీ మధ్యలో ఉంది. పిల్లలు అట్టపెట్టెల్లో బస్సెక్కి వస్తాయి, మగకుక్కలు క్రాసింగ్‌కి కార్లెక్కి పోతాయి. బ్రిటన్‌లో ల్యాబ్‌లు ఈ జబ్బుని ప్రభుత్వానికి తెలపడం 2021 నుంచి తప్పనిసరి. అక్కడ కూడా ఎక్కువ కేసుల వెనక వేరే దేశం నుంచి తెచ్చిన కుక్కలే ఉన్నాయి. దేశమైనా జిల్లా అయినా అడగాల్సింది ఒకటే.

- ఎక్కడ కొన్నారు, ఎప్పుడు, అమ్మినవాళ్ల దగ్గర తోబుట్టువులు ఎలా ఉన్నాయి?
- క్రాసింగ్ ఏ మగకుక్కతో, ఏ తేదీన? ఆ మగకుక్క ఇంకెన్నిటితో కలిసింది?
- ఇంతకుముందు గర్భం పోయిందా, చచ్చిన పిల్లలు పుట్టాయా?
- గత మూడు నెలల్లో ఏ యాంటీబయాటిక్ వాడారు?
- రక్తం ఎక్కించారా?
- ఇంట్లో పాడి ఉందా? ఈ మధ్య ఆవో గేదో ఈసుకుపోయిందా? కుక్క మాయ తిన్నదా, పచ్చిపాలు తాగుతుందా?

ఈ చివరి ప్రశ్న పట్నం డాక్టర్లకి తట్టదు. మన జిల్లాకి మాత్రం అది ముఖ్యం. ఈసుకుపోయిన ఆవు మాయని లాక్కెళ్లి తిన్న కుక్కకి వచ్చేది కానిస్ కాదు, ఆవు బ్రూసెల్లా అబార్టస్. మేకల మంద దగ్గర ఉండే కుక్కకి మెలిటెన్సిస్ కూడా రావచ్చు. వాటికి పరీక్ష వేరు. ఏడో భాగంలో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

యాంటీబయాటిక్ ప్రశ్న దగ్గర కూడా కాస్త ఆగాలి. మన దగ్గర జ్వరమో, నీరసమో, ప్లేట్‌లెట్లు తగ్గడమో కనిపిస్తే చాలు, టిక్ ఫీవర్ అని డాక్సీ రాసేస్తాం. చాలాసార్లు అది సరైనదే, పిడుదులు అంతగా ఉన్నాయి మరి. అయితే అదే డాక్సీ బ్రూసెల్లాని చంపకుండా రక్తంలో కనబడకుండా దాచేస్తుంది. నేనే ఒకసారి అలా చేశాను. నడుం నొప్పితో వచ్చిన మగ జర్మన్ షెపర్డ్‌కి టిక్ ఫీవర్ అనుకుని మూడు వారాలు డాక్సీ ఇచ్చి, కుదుటపడిందని సంబరపడ్డాను. రెండు నెలలకి మళ్లీ వచ్చింది, ఈసారి వృషణం వాచి. ఈలోపు దాన్ని రెండు క్రాసింగులకి వాడారు.

కాబట్టి ఆపరేషన్ కాని, క్రాసింగ్‌కి వాడే ఏ కుక్కకైనా డాక్సీ మొదలుపెట్టే ముందు ఒక ఈడీటీఏ ట్యూబు, ఒక సీరం ట్యూబు తీసి పక్కన పెట్టండి. అవసరం పడకపోతే పారేయవచ్చు. ఖర్చు రెండు ట్యూబులే.

5. కుక్కని పరీక్షించేటప్పుడు

గదిలో మీరు, పట్టుకునేవాళ్లు ఒకరు. అంతే. అప్రెంటిస్ కుర్రాళ్లని చూడటానికి పిలవొద్దు. గర్భిణిగా ఉన్న సిబ్బంది ఈ కేసులోకి అసలు రాకూడదు.

ఎన్95, కళ్లద్దాలు, రెండు జతల గ్లవ్స్, గౌను వేసుకోండి. స్రావం, మూత్రం, వీర్యం, రక్తం అన్నిట్లోనూ క్రిమి ఉండొచ్చు. మగకుక్క మూత్రంలో ఆడకుక్క మూత్రంలో కన్నా ఎక్కువగా పోతుంది, నెలల తరబడి పోతుంది. పళ్లు శుభ్రం చేయడం, నీళ్లు గట్టిగా కొట్టి కడగడం లాంటి తుంపరలు లేచే పనులు పెట్టుకోవద్దు.

సిజేరియన్ అయితే రెండు అలవాట్లు మానుకోవాలి. పిల్ల ఊపిరి తీయకపోతే నోరు పెట్టి ఊదడం ఒకటి, తలకిందులుగా పట్టుకుని ఊపడం రెండోది. సక్షన్ బల్బు వాడండి, గుడ్డతో రుద్దండి.

పని అయ్యాక ముందు సబ్బునీళ్లతో మురికి తీసేసి, ఆ తర్వాతే 1 శాతం హైపోక్లోరైట్ పోసి పది నిమిషాలు వదలండి. రక్తం, స్రావం ఉన్నచోట నేరుగా బ్లీచ్ పోస్తే ఆ మురికే బ్లీచ్ బలాన్ని తినేస్తుంది. మంచి వాసనొచ్చే ఫ్లోర్ క్లీనర్‌ని దీనికి నమ్ముకోవద్దు. ఎండ తగిలి ఆరిన నేల మీద ఈ క్రిమి ఎక్కువ సేపు బతకదు. నీడలో, తడిలో, మురికిలో మాత్రం వారాల తరబడి బతుకుతుంది.

6. శాంపిళ్లు: ఏవి, ఎలా, ఏ వరసలో

వరస ఇది: ముందు కల్చర్ రక్తం, తర్వాత సీరం, తర్వాత ఈడీటీఏ, ఆపైన స్వాబ్‌లు. మందు ఆ తర్వాతే.

*కల్చర్ రక్తం.* వెంట్రుకలు గొరిగి, స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచి, ఆరనిచ్చి తీయండి. ఒక్కసారి తీసినదానిలో దొరక్కపోవచ్చు. వీలైతే 24 గంటల ఎడంతో మూడుసార్లు తీయండి. ఈ క్రిమి నిదానంగా పెరుగుతుంది కాబట్టి వారం కాగానే "గ్రోత్ లేదు" అని వచ్చిన రిపోర్టుని పట్టుకుని కూర్చోవద్దు. నాలుగు వారాల దాకా ఉంచమని ముందే అడగండి.

*ఈడీటీఏ రక్తం* పీసీఆర్‌కి, అంటే క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షకి. హెపారిన్ ట్యూబులో తీస్తే అది పీసీఆర్‌ని పాడుచేస్తుంది.

*సీరం.* రక్తం విరిగిపోయి సీరం ఎర్రబడితే అగ్లుటినేషన్ (యాంటీబాడీలుంటే గుంపుకట్టి కనిపించే) పరీక్షలు తప్పు చెబుతాయి. సన్నసూదితో బలంగా లాగొద్దు. సెంట్రిఫ్యూజ్ లేకపోతే ట్యూబుని ఏటవాలుగా ఉంచి గడ్డకట్టనిచ్చి, పైన తేరిన సీరాన్ని వేరే ట్యూబులోకి తీసి అప్పుడు చల్లబరచండి. గడ్డతో కలిపి బస్సులో పంపితే గమ్యం చేరేసరికి అది టమోటా రసమే.

*స్రావం స్వాబ్, పడిన పిల్ల, మాయ.* వీటిలోనే క్రిమి అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. పడిన పిల్ల కడుపులోని ద్రవం మంచి శాంపిల్. వీటిని ఫార్మలిన్‌లో ముంచితే కల్చర్ అక్కడితో అయిపోయినట్టే. హిస్టోపాథాలజీకి (కణజాలాన్ని మైక్రోస్కోప్‌లో చూడటానికి) కావాలంటే చిన్న ముక్క వేరే సీసాలో ఫార్మలిన్‌లో వేయండి.

*మగకుక్కలో* వీర్యం, మూత్రం. వాచిన లింఫ్ గ్రంథి ఉంటే సూదితో తీసిన శాంపిల్.

ప్యాకింగ్ మూడు పొరలు: ట్యూబు, దాని చుట్టూ పీల్చే దూది, కారని రెండో డబ్బా, బయట గట్టి పెట్టె. ఐస్ జెల్ ట్యూబుకి నేరుగా తగలకూడదు. పెట్టె మీదా, ఫారం మీదా "బ్రూసెల్లా అనుమానం" అని పెద్దగా రాయండి. ల్యాబుల్లో పనిచేసేవాళ్లకి అంటుకునే జబ్బుల్లో బ్రూసెల్లాది ముందు వరస. మనం రాయకపోతే అక్కడెవరో కుర్రాడు మామూలు టేబుల్ మీద ప్లేట్ తెరిచి చూస్తాడు.

పంపే ముందు ఫోన్ చేసి అడగాల్సినవి: కానిస్‌కి ప్రత్యేకంగా ఏ పరీక్ష ఉంది, ఏ రోజు తీసుకుంటారు, పీసీఆర్‌కి ఎంత రక్తం కావాలి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. బెంగళూరు యలహంకలో పశువుల అంటువ్యాధుల మీద పనిచేసే జాతీయ సంస్థ నివేది ఉంది. ఎవరి దగ్గరికైనా శుక్రవారం సాయంత్రం పెట్టె పంపొద్దు. బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే పెట్టె తిరుపతి దాటడానికే పూట పడుతుంది, ఆ లెక్క కూడా వేసుకోండి.

7. ఏ పరీక్ష, ఎప్పుడు, ఫలితాన్ని ఎలా చదవాలి

మొదటి ఫోన్‌లోని తమ్ముడి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. అబార్టస్, మెలిటెన్సిస్, సూయిస్ (పందుల బ్రూసెల్లా) క్రిముల పైపొర నునుపు రకం. కానిస్ పైపొర గరుకు రకం. రోజ్ బెంగాల్, ట్యూబ్ అగ్లుటినేషన్ లాంటి ఆవు పరీక్షల్లో వాడే యాంటిజెన్ (యాంటీబాడీలు పట్టుకునే క్రిమి పదార్థం) నునుపు రకం నుంచి చేసింది. కానిస్ మీద కుక్క తయారుచేసే యాంటీబాడీలు దాన్ని పట్టుకోవు.

అందుకని:

- కుక్కలో రోజ్ బెంగాల్ నెగెటివ్ వస్తే కానిస్ గురించి ఏమీ తెలియనట్టే
- కుక్కలో రోజ్ బెంగాల్ పాజిటివ్ వస్తే అబార్టస్ లేదా మెలిటెన్సిస్ అనుమానించి ఇంటి పాడి వైపు చూడాలి
- పాడి ఉన్న ఇంటి కుక్కకి రెండు రకాల పరీక్షలూ కావాలి

కానిస్‌కి వాడే సీరం పరీక్షలు: రాపిడ్ స్లైడ్ అగ్లుటినేషన్, దానికే 2-మెర్కాప్టో ఇథనాల్ కలిపి చేసేది, ఎలీసా, ఏజీఐడీ (జెల్‌లో యాంటీబాడీలని చూసే పరీక్ష), కానిస్ పేరుతో వచ్చే రాపిడ్ కిట్లు.

స్లైడ్ పరీక్షని జల్లెడలా వాడాలి. జబ్బు లేని కుక్కల్ని కూడా చాలానే పాజిటివ్ చూపిస్తుంది, ఎందుకంటే సూడోమొనాస్, బోర్డెటెల్లా లాంటి క్రిముల యాంటీబాడీలు కూడా దానికి తగులుకుంటాయి. మెర్కాప్టో ఇథనాల్ కలిపితే ఆ గోల కొంత తగ్గుతుంది. స్లైడ్ పాజిటివ్ ఒక్కదాన్ని పట్టుకుని కుక్క తలరాత రాయకండి. ఏజీఐడీ, పీసీఆర్, కల్చర్‌లలో ఏదో ఒకటి తోడు రావాలి.

నెగెటివ్‌కి ఇంకో చిక్కుంది. క్రిమి సోకిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో రక్తంలోకి వస్తుంది. సీరం పరీక్షలు నమ్మకంగా పట్టుకోవడానికి మాత్రం 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. క్రాసింగ్ అయిన పది రోజులకి చేసిన సీరం నెగెటివ్‌ని నమ్మలేం.

నేను పాటించే పద్ధతి:

- తొలి రోజు: సీరం, ఈడీటీఏ పీసీఆర్, స్రావం ఉంటే దాని పీసీఆర్, వీలైతే కల్చర్
- తొలి సీరం నెగెటివ్, అనుమానం బలంగా ఉంది: 4 నుంచి 6 వారాలకి మళ్లీ
- ఎప్పుడు అంటుకుందో తెలిస్తే: ఆ తేదీ నుంచి మూడు నెలలు నిండాక చివరి సీరం
- పీసీఆర్ లేదా కల్చర్ పాజిటివ్: తేలినట్టే
- పీసీఆర్ నెగెటివ్, సీరం పాజిటివ్: నెగెటివ్ కాదు. క్రిమి ఆ రోజు రక్తంలో లేకపోవచ్చు, ప్రోస్టేట్‌లోనో ప్లీహంలోనో కూర్చుని ఉండొచ్చు

ఈ మూడు నెలలూ ఆ కుక్కకి క్రాసింగ్ లేదు, కుక్కల ప్రదర్శన లేదు, రక్తదానం లేదు.

8. ప్రభుత్వానికి తెలియజేయడం

2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం షెడ్యూల్‌లో బ్రూసెల్లోసిస్ ఉంది. ఆ చట్టం చెప్పే "జంతువు" అన్న మాటలో కుక్క కూడా ఉంది. షెడ్యూల్ జబ్బు ఉందని నమ్మడానికి కారణం ఉంటే యజమాని చెప్పాలి, ఆ జంతువుని మిగతా వాటి నుంచి వేరుగా ఉంచాలి. రిపోర్టు చేతికొచ్చేదాకా ఆగాలన్న షరతు లేదు, సహేతుకమైన అనుమానం చాలు.

ప్రైవేటు ప్రాక్టీసులో ఉన్నవాళ్లు చేయాల్సింది: మండలంలోని ప్రభుత్వ పశువైద్యుడికి రాతపూర్వకంగా తెలపడం, జిల్లా పశుసంవర్ధక అధికారికి నకలు పంపడం. వాట్సాప్ మెసేజ్ ఒక్కటే సరిపోదు, తర్వాత ఎవరికీ దొరకదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి కాగితం ఏ జిల్లాకి వెళ్లాలో కుక్క ఉండే ఊరుని బట్టి చూసుకోండి.

కాగితంలో ఉండాల్సినవి:

- కుక్క వివరాలు, మైక్రోచిప్ ఉంటే నంబర్, ఎక్కడి నుంచి తెచ్చారు
- గుర్తులు, మొదలైన తేదీ
- తీసిన శాంపిళ్లు, పంపిన ల్యాబ్, తేదీ
- కలిసిన కుక్కలు, ముఖ్యంగా క్రాసింగ్ జత
- ఇంట్లో పాడి, మేకలు ఉన్నాయా
- వేరుగా ఉంచమని యజమానికి చెప్పిన తేదీ

9. యజమానితో మాట

నిజానికి ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. "మా ఇంటి బిడ్డ మాదిరి చూసుకుంటా ఉండాం సార్, ఇప్పుడేం చేసేది?" అని అడుగుతారు. కంగారుపెట్టొద్దు, చిన్నదిగా చేసి చెప్పొద్దు కూడా.

చెప్పాల్సినవి మూడే. దీనికి కుక్కల్లో టీకా లేదు. మందులతో గుర్తులు తగ్గుతాయి గానీ క్రిమి పూర్తిగా పోయిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మనుషులకి సోకడం తరచుగా జరిగేది కాదు, కానీ జరుగుతుంది.

ఆ తర్వాత మూడు దారులు పెట్టండి: ఆపరేషన్ చేయించి, మందులు వాడి, జీవితాంతం జాగ్రత్తగా వేరుగా చూసుకోవడం; ఇంకొన్ని పరీక్షల దాకా ఆగి నిర్ణయించడం; కారుణ్య మరణం. ఇంట్లో గర్భిణి, పసిపిల్లలు, కీమోథెరపీ తీసుకునేవాళ్లు ఉంటే మొదటి దారి బరువు మారిపోతుంది. నిర్ణయం వాళ్లది, ఆ రోజే తీసుకోమని తొందరపెట్టొద్దు. ఏం చెప్పారో కేస్ షీట్‌లో రాసి సంతకం తీసుకోండి. వీధికుక్క అయితే మీ అంతట మీరు నిర్ణయించొద్దు, 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారమే నడవాలి.

అమ్మేయడం, ఊళ్లో బంధువులకి ఇచ్చేయడం, రాత్రిపూట కపిలతీర్థం రోడ్డులో వదిలేయడం దారులు కావు. ఈ మాట పైకి చెప్పాలి, చెప్పకపోతే కొందరు అదే చేస్తారు.

10. ఉంచుకుంటామంటే: మందులు, ఆపరేషన్

ఒక్క మందుతో చేయొద్దు. క్రిమి కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి జంట మందులు కావాలి. డాక్సీసైక్లిన్ కనీసం నాలుగు వారాలు, దానితోపాటు స్ట్రెప్టోమైసిన్ లేదా జెంటమైసిన్ ఇంజెక్షన్ల కోర్సు. లేదా ఎన్రోఫ్లోక్సాసిన్ జత. జెంటమైసిన్ అయితే ముందూ మధ్యలోనూ మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడాలి. వెన్ను డిస్కు ఇన్‌ఫెక్షన్‌కి నెలలు పడుతుంది.

ఆపరేషన్ తప్పనిసరి. క్రిమి బయటికి వచ్చే దారుల్ని అది తగ్గిస్తుంది, మూసేయదు. మందులు మొదలుపెట్టాక, ఆ రోజు చివరి కేసుగా, పూర్తి రక్షణతో చేయండి. తీసిన గర్భసంచిని, వృషణాలని టేబుల్ మీద కోసి చూడాలన్న కుతూహలం వద్దు, నేరుగా పసుపు కవర్లోకి. పల్లెలో ఆ సదుపాయం లేకపోతే సున్నం వేసి లోతుగా పూడ్చండి.

మందులు ఆపాక వారాలకో నెలలకో తిరగబెట్టడం మామూలే. టైటర్ (రక్తంలో యాంటీబాడీల మోతాదు) తగ్గితే నయమైనట్టు కాదు.

వీధికుక్కల ఆపరేషన్ క్యాంపుల్లో పనిచేసేవాళ్లకి: రోజుకి పదుల కొద్దీ గర్భసంచులు తీస్తుంటే ఏది ఎలాంటిదో తెలియదు. పిల్లలతో ఉన్న ప్రతి గర్భసంచినీ అనుమానంతోనే పట్టుకోండి.

11. కెన్నెల్‌లో ఒకటి పాజిటివ్ వస్తే

ఆ రోజు నుంచే క్రాసింగులు, అమ్మకాలు, రాకపోకలు బంద్. అన్ని కుక్కలకీ ఒకేసారి పరీక్ష, తర్వాత నెలనెలా. పాజిటివ్‌లని తీసేస్తూ, మిగిలినవన్నీ వరసగా మూడుసార్లు నెగెటివ్ అయ్యేదాకా తలుపు తెరవొద్దు. గిన్నెలు, గొలుసులు, చీపుర్లు గది గదికీ వేరు. పనివాళ్లు ముందు బాగున్న కుక్కల దగ్గరికి, ఆఖర్న అనుమానపు కుక్కల దగ్గరికి వెళ్లాలి.

కొత్త కుక్క వస్తే వేరే గదిలో మూడు నెలలు, మొదట్లో ఒక పరీక్ష, చివర్లో ఒకటి. "అన్ని రోజులు తిండి పెట్టి ఊరికే ఉంచాలా?" అంటారు. అవును. ఒక్క మగకుక్కతో కెన్నెల్ మొత్తం పోవడం కన్నా ఆ తిండి ఖర్చే తక్కువ.

క్రాసింగ్‌కి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగితే, కానిస్ పరీక్ష రిపోర్టు చూడకుండా సంతకం పెట్టకండి. ఆడది, మగది రెండింటివీ.

12. సూది గుచ్చుకుంటే, కంట్లో చిమ్మితే

చర్మం మీదైతే సబ్బుతో పారే నీళ్లలో కడగండి. కళ్లయితే పదిహేను నిమిషాలు మంచినీళ్లు పోయండి. ఆ రోజే డాక్టర్‌ని కలవండి. ముందుజాగ్రత్తగా మందు వేయాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. మన డబ్బాలోని కుక్క డాక్సీ మింగి ఊరుకోవద్దు.

మనుషుల్లో గుర్తులు కొద్ది రోజుల నుంచి కొన్ని నెలల లోపు రావచ్చు: వస్తూ పోతూ ఉండే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్లనొప్పులు, నడుం నొప్పి, విడవని నీరసం. 24 వారాల పాటు జ్వరం చూసుకుంటూ ఉండండి.

ఇక్కడా ఆవు-కుక్క తికమకే ఎదురవుతుంది. ఆసుపత్రుల్లో మామూలుగా చేసే బ్రూసెల్లా రక్తపరీక్ష కూడా నునుపు రకం యాంటిజెన్‌తోనే. కానిస్ సోకిన మనిషికి అది నెగెటివ్ రావచ్చు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికి వెళ్లినా, రుయా ఆసుపత్రికి వెళ్లినా, వీధి చివరి క్లినిక్‌కి వెళ్లినా డాక్టర్ చేతికి ఒక చీటీ ఇవ్వండి. అందులో ఇంతే రాయండి: "బ్రూసెల్లా కానిస్ అనుమానం ఉన్న కుక్క స్రావం ఫలానా తేదీన తగిలింది. మామూలు అగ్లుటినేషన్ పరీక్షలో ఇది కనబడదు. బ్లడ్ కల్చర్ అవసరం, ల్యాబ్‌కి ముందే చెప్పగలరు." యజమాని కుటుంబంలో ఎవరికైనా జ్వరం వస్తే వాళ్లకీ ఇదే చీటీ రాసిచ్చి, నకలు కేస్ షీట్‌కి పిన్ చేసి పెట్టుకోండి.